చప్పుడు ఎప్పుడొస్తుందిరా?

ఆ టైరు పక్కన పెట్టరా చిన్నోడా, మంటలో వెయ్యకు. భోగిమంటంటే పిడకల దండలు, తాటాకులు, పుచ్చిన దూలాలు, విరిగిన మంచం కోళ్ళు. రబ్బరు కాల్చి ఊరందరి ముక్కుల్లోకీ నల్లపొగ పంపిస్తే అది భోగి కాదు. ఆ వాసన నేను నలభై ఏళ్ళు పీల్చాను, చాలు. నువ్విలా వచ్చి కూర్చోమ్మా, పొగ అటు పోతోంది, ఇటైతే కళ్ళు మండవు. స్నానాలకి నీళ్ళు కాగేదాకా ఎటూ పోయే పని లేదు కదా.

ఏరా, దార్లో కారు ఏదో అంటోందటగా? నాకేం వినపడలేదులే. రాత్రి నువ్వు కాలవ గట్టెక్కేటప్పుడు మీ నాయనమ్మ విన్నది. మంచంలో లేచి కూర్చుని నాతో ఒక మాట కూడా అంది. ఏమందో తర్వాత చెప్తా. ముందు నువ్వు చెప్పు.

"యాక్సిలరేటర్ తొక్కితే సౌండొస్తోంది తాతయ్యా" అంటే ఎట్లారా? కడుపులో నొప్పి అని చెప్పి ఊరుకున్నట్టుంది. తిన్నాక వస్తుందా, తినకముందు వస్తుందా, వంగితే వస్తుందా? సర్వీసు వాళ్ళేమన్నారు? ఇంజిన్ మౌంటింగులు మూడూ మార్చాలన్నారా? బానెట్ ఎత్తి చూశారా, కౌంటరు దగ్గరే అన్నారా? సరేలే, వాళ్ళ సంగతి మనకెందుకు. అంత తొందరేం లేదు, చీకటి పోయాక చూద్దాం. ఈలోగా నీకొక సంగతి చెప్తా.

నేను 1962లో బెజవాడ వెళ్ళాను. పద్నాలుగేళ్ళు నాకు. ఎనిమిదో తరగతి తప్పితే మా నాన్న చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి బందరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో వదిలేశాడు. ప్రకాశం బ్యారేజీ కట్టి అప్పటికి అయిదేళ్ళే. రోడ్డు మీద కార్లంటే ఎన్నని? అంబాసిడరు, ఫియట్టు, మద్రాసులో చేసే స్టాండర్డ్ హెరాల్డు, మిలిటరీ వాళ్ళు వదిలేసిన జీపులు. అంతే. అందుకే మాకు చెవి కుదిరింది. పొద్దున లేస్తే అవే నాలుగు పాటలు. ఎక్కడ శ్రుతి తప్పినా తెలిసిపోయేది. మీ కాలంలో వందరకాల బళ్ళు, వాటికి ఏ చప్పుడు మామూలో ఏది రోగమో పట్టుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను.

మా మేస్త్రీకి చదువు రాదు. వేలిముద్రే. కానీ బండి వచ్చిందంటే పానా పట్టుకునేవాడు కాదు, చేతులు వెనక్కి కట్టుకు నిలబడేవాడు. డ్రైవరుని ఒకటే అడిగేవాడు: "చప్పుడు ఎప్పుడొస్తుందిరా?" ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగేవాడు కాదు. డ్రైవరు "వెనకనుంచండీ" అని చెప్పబోతే "అది నేను చూసుకుంటా, ఎప్పుడో చెప్పు" అనేవాడు. నాకది చాలా ఏళ్ళు అర్థం కాలేదు. చప్పుడు ఎక్కడుంటే అక్కడే కదా రోగం అనుకునేవాణ్ణి. కాదు. చాసీ ఇనుము, బాడీ రేకు. ముందు పుట్టిన చప్పుడు ఇనుము పట్టుకు పాకి వెనక సీటు కింద మోగుతుంది. గుళ్ళో గంట కొడితే మండపంలో ఏ స్తంభం దగ్గర నిలబడితే ఆ స్తంభం మోగినట్టే ఉంటుంది చూడు, అట్లాగ.

గుడివాడ నుంచి ఒక డాక్టరుగారి అంబాసిడరు వచ్చింది. 1974 అనుకుంటా, కాస్త అటూ ఇటూ. మనిషి నెమ్మదస్తుడే గానీ ఆరోజు కోపంగా వచ్చాడు. రెండో గేరులో, మూడో గేరులో తొక్కేసరికి కాళ్ళ కింద "బొయ్య్..." మని ఒక మూలుగు. ఇద్దరు పేషెంట్లని ఎక్కించుకుంటే ఇంకా ఎక్కువ. అప్పటికి మూడు షెడ్లు తిరిగాడు. ఒకడు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు మార్చాడు. ఇంకొకడు వెనక ఇరుసు హౌసింగ్ విప్పి క్రౌన్ పినియనే మార్చాడు. అది ఎంత ఖరీదో తెలుసా ఆ రోజుల్లో? మూడోవాడు సైలెన్సర్ కొత్తది వేశాడు. వేసిన నాలుగు రోజులు చప్పుడు లేదు, అయిదో రోజు మళ్ళీ వచ్చింది. ఆ నాలుగు రోజులు ఎందుకు రాలేదు అన్నది గుర్తుపెట్టుకో, దాన్లోనే ఉంది కిటుకు.

మా మేస్త్రీ బండి విప్పలేదు. డ్రైవరు పక్కన కూర్చుని, నన్ను వెనక సీట్లో బరువుకి కూర్చోబెట్టి, కంకిపాడు దాకా పోయి రమ్మన్నాడు. దారి పొడుగునా ఆటలాడించినట్టు ఆడించాడు డ్రైవర్ని. "తొక్కు." మూలిగింది. "వదులు." ఊరుకుంది. "గేరు తీసి పారనియ్యి." చప్పుడు లేదు. "స్టీరింగు కాస్త కుడికీ ఎడమకీ ఊపు." ఏం మార్పు లేదు. చక్రం బేరింగ్ అయితే అలా ఊపినప్పుడు బరువు ఒక పక్కకి పడి ఊళ మారుతుంది. అదీగాక బేరింగుకి నువ్వు తొక్కావా వదిలావా అన్నదాంతో పని లేదు, చక్రం తిరిగితే చాలు, అరుస్తుంది. క్రౌన్ పినియన్ అయితే స్పీడు పెరిగేకొద్దీ సన్నగా పైకి లేస్తుంది, వేణువు ఊదినట్టు. ఇది అట్లా లేదు, లావు గొంతు. షెడ్డుకొచ్చి బండి నిలబెట్టి న్యూట్రల్లో రేసు చేయించాడు. నిక్షేపంలా ఉంది. ఎంత రేసు చేసినా మూలగదే!

అంటే ఏమిటి? ఇంజిన్ తిరగడం వల్ల కాదు. చక్రం తిరగడం వల్ల కాదు. ఇంజిన్ బండిని లాగుతున్నప్పుడు మాత్రమే. బరువు తోసేటప్పుడు మనిషి నడుం ఎలా వంగుతుంది? ఇంజిన్ కూడా లాగేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతుంది. దాన్ని ఒరగనియ్యకుండా పట్టుకునేవి ఫౌండేషన్ రబ్బర్లు, మీరు మౌంటింగులంటారు. మేస్త్రీ చక్రాలకి రాళ్ళు పెట్టించి, హ్యాండ్ బ్రేకు లాగించి, బానెట్ ఎత్తి, రెండో గేరులో క్లచ్చి సగం వదలమన్నాడు. ఇంజిన్ ఒక పక్క బెత్తెడు లేచింది! మంచం కోడు విరిగితే పడుకున్నవాడు ఒరిగినట్టు. ఆ రబ్బరు లోపల పూర్తిగా తెగిపోయి ఉంది, పైకి చూస్తే అతుక్కునే కనపడుతోంది. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా దాంతోపాటు సైలెన్సర్ గొట్టం పోయి చాసీకి ఆనుకుంటోంది. ఆనుకున్నంతసేపూ ఇంజిన్ చప్పుడంతా చాసీలోకి దిగి కారు కారంతా మద్దెల అయిపోతోంది. గొట్టం మీద, సరిగ్గా ఆనుకునేచోట, అర్ధరూపాయి బిళ్ళంత మెరుపు. ఇనుము ఇనుముతో రాసుకుంటే తుప్పు నిలవదు కదా. ఎక్కడ రాపిడి అనుమానం వచ్చినా ఆ మెరుపు కోసం వెతుక్కోవాలిరా. అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ నాలుగు రోజులంటావా? కొత్త సైలెన్సర్ వేసినవాడు గొట్టం బిగించేటప్పుడు కాస్త ఎడంగా బిగించాడు. నాలుగు రోజులకి సర్దుకుని మళ్ళీ వెళ్ళి ఆనుకుంది. రోగం పోలేదు, దాక్కుంది. రెండు రబ్బర్లూ మార్చాం. క్రౌన్ పినియన్‌కి పెట్టిన దాంట్లో అది చిల్లర. డాక్టరుగారు మా మేస్త్రీకి దణ్ణం పెట్టాడనుకుంటున్నావా? లేదు. "మరి నేను ముందు మార్పించినవన్నీ దండగేనా?" అని ఇంకా కోపంగా వెళ్ళాడు. పాపం, ఆయన కోపంలో తప్పేముంది.

ఈ మోకాలు చూడమ్మా. నేను కుంటడం పుట్టుకతో వచ్చింది కాదు. ఆ క్లచ్చి సగం వదిలే పరీక్ష ఇంకోసారి ఇంకో బండికి చేస్తూ రాళ్ళు సరిగ్గా పెట్టానో లేదో చూద్దామని బండికి ఎదురుగా నిలబడ్డాను. డ్రైవరు కాలు జారింది. బండికీ గోడకీ మధ్య నా మోకాలు. అప్పట్నించీ ఎవరికి చెప్పినా ముందు ఇదే చెప్తాను: పక్కన నిలబడి చూడండి, ఎదురుగా వద్దు. ఆటోమేటిక్ బళ్ళకైతే ఆ పని అసలు ఇంట్లో చెయ్యొద్దు.

అరె, ఆ దుంగ ఇటు తిప్పరా, ఆరిపోతోంది. ఆఁ, అట్లా.

పెట్రోలు బళ్ళకి ఇంకో చప్పుడుండేది, మీరు విని ఉండరు. శివరాత్రికి టాక్సీలు కట్టుకుని శ్రీశైలం వెళ్ళేవాళ్ళు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవరు బద్ధకించి గేరు దించకుండా మూడోదాన్లోనే తొక్కిపట్టేవాడు. ఇంక చూడు, ఇత్తడి చెంబులో చింతగింజలు పోసి ఆడించినట్టు "టింగుటింగుటింగు". జనం టప్పెట్లు కొట్టుకుంటున్నాయనుకునేవాళ్ళు. టప్పెట్లయితే నిలబెట్టినా టకటకమంటాయి, ఫీలర్ గేజి పెట్టి 15 థౌకి సరిచేస్తే పోతుంది. ఇది అది కాదు, నాకింగ్. లోపల మంట వేళకి ముందే అంటుకోవడం. ఉయ్యాల ఊపుతున్నావనుకో, అది నీ దగ్గరికి వచ్చి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు తోస్తే హాయిగా పోతుంది. ఇంకా నీవైపు వస్తుండగానే తోశావనుకో? నీ మణికట్టు పోతుంది. పిస్టన్‌కి కూడా అంతే, పైకొస్తూ ఉండగానే దెబ్బ తగులుతుంది. ఇంజిన్ మీద బరువు ఎంత పడితే అంత గట్టిగా.

కారణాలు రెండు మూడు. డిస్ట్రిబ్యూటర్ టైమింగు ఎవడో ఎక్కువ ముందుకి తిప్పేసి ఉంటాడు, బండి లాగుడు పెరుగుతుందని. లేదా హెడ్డులో మసి గట్టకట్టి ఉంటుంది. లేదా పెట్రోలులో కిరసనాయిలు. ఆ రోజుల్లో మూడోదే ఎక్కువ. ట్యాంకులోంచి గుడ్డ మీద కాస్త పోసి ఆరబెట్టి వాసన చూసేవాళ్ళం. పెట్రోలు ఎగిరిపోతుంది, కిరసనాయిలు జిడ్డుగా మిగులుతుంది. క్లాంపు బోల్టు వదులుచేసి డిస్ట్రిబ్యూటర్‌ని చిటికెడు వెనక్కి తిప్పితే ఆ యాత్రకి గట్టెక్కేది. డ్రైవరుకి మాత్రం గట్టిగా చెప్పేవాళ్ళం, కొండెక్కేటప్పుడు గేరు దించి చావరా నాయనా అని. ఇప్పుడు మీ ఇంజిన్ బ్లాకుకే ఒక చెవి బిగించి పంపిస్తున్నారు, నాక్ సెన్సర్ అని. అది విని టైమింగు దానంతటదే వెనక్కి జరుపుకుంటుంది. నాకు నచ్చిన పని అది. మేస్త్రీ చెవిని బోల్టేసి బిగించినట్టే కదా!

క్రౌన్ పినియన్ అన్నాను కదా, దాని కథ వేరే. తొక్కినప్పుడు ఊళ పెట్టి వదిలితే ఊరుకుంటే పళ్ళ ఒక ముఖం అరిగినట్టు. తొక్కితే ఊరుకుని వదిలినప్పుడు ఊళ పెడితే రెండో ముఖం. రెండింటికీ అరిస్తే బేరింగులు అనుమానించు. బిగించేటప్పుడు పళ్ళకి రంగు పూసి చేత్తో తిప్పి, ముద్ర పన్ను నడిమధ్య పడేదాకా షిమ్ములు తీస్తూ పెడుతూ కూర్చునేవాళ్ళం. ఒక్కోసారి పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేవేళ అయ్యేది. కొంతమంది మహానుభావులు అదంతా ఎందుకని హౌసింగ్ ఆయిల్లో రంపపు పొట్టు కలిపి బండి అమ్మేసేవాళ్ళు. పొట్టు పళ్ళ మధ్య మెత్తగా ఉండి నెల రోజులు ఊళ వినపడదు. కొన్నవాడు మా దగ్గరికొచ్చేవాడు. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే గోధుమ హల్వాలా జారేది. నవ్వకమ్మా, ఆ కొన్నవాడి మొహం చూసుంటే నవ్వు రాదు.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతీ తాళాలు ఇచ్చింది. మాకు ఆ బండి చేతికొచ్చేసరికి ఇంకో రెండేళ్ళు. అప్పటికి మేం జవహర్ ఆటోనగర్లో ఉన్నాం. ఆటోనగర్ అంటే నీకేం తెలుసు, అదొక ఊరు. ఒక వీధిలో కమాన్ కట్టలు కొట్టే సమ్మెట చప్పుడు, ఇంకో వీధిలో లేతు మిషన్లు, ఇంకో వీధిలో బాడీ కట్టే వడ్రంగులు. ఆ గోలలోనే నా చెవులు పోయాయి. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి, పిచ్చుకల కూత వినపడదు నాకు, ఎన్నేళ్ళయిందో. చెవులకి దూది పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా పెట్టుకునేవాళ్ళం కాదు.

ఆ మొదటి మారుతీ ఒక బియ్యం మిల్లు యజమానిది. మలుపు తిరుగుతూ తొక్కితే "కటకటకట". మా మేస్త్రీకి అప్పటికి అరవై దాటాయి. అలవాటు ప్రకారం వెనక్కి పోయి వంగి హౌసింగ్ కోసం చూశాడు. లేదు! ప్రొపెల్లర్ షాఫ్టు కోసం చూశాడు. అదీ లేదు! లేచి నిలబడి, తుండుతో మొహం తుడుచుకుని, "ఒరే, దీన్ని ఎవరు నడిపిస్తున్నార్రా?" అన్నాడు. ముందు చక్రాలే లాగుతాయని మాకు తెలుసు, విన్నాం, కానీ చేతికి అలవాటు కాలేదు. ముందు చక్రం తిరగాలి, అదే సమయంలో లాగాలి. అందుకని షాఫ్టు చివర గుండ్రటి గుళ్ళతో ఒక కీలు, దాని మీద గ్రీసు నింపిన రబ్బరు తొడుగు. ఆ తొడుగు చినిగింది. గ్రీసు బయటికి పోయింది, ఇసక లోపలికి పోయింది. చక్రం లోపలివైపంతా గ్రీసు చిమ్మి ఉంది, చూడగానే దొరికిపోయింది.

అప్పుడు కూడా మేస్త్రీ అదే ప్రశ్న అడిగాడు, ఎప్పుడొస్తుందిరా అని. మైదానంలో స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి నెమ్మదిగా తొక్కుతూ గుండ్రంగా తిప్పమన్నాడు. తర్వాత ఎడమకి. కుడికి తిప్పినప్పుడు ఎక్కువ వచ్చింది, ఎడమ కీలు పోయింది. బరువు బయటివైపు చక్రం మీదే కదా పడేది. తొడుగు చినిగిన వారంలో చూసుకుంటే తొడుగూ గ్రీసూ మారిస్తే సరిపోతుంది. కటకటమన్నాక మాత్రం కీలు మార్చాల్సిందే. పని అయ్యాక మా మేస్త్రీ ఆ పాత కీలు పట్టుకెళ్ళి కిటికీలో పెట్టుకున్నాడు. ఖాళీ దొరికినప్పుడల్లా చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉండేవాడు.

బెల్టు కూతలూ, గ్యాస్కెట్ బుసలూ చాలానే ఉన్నాయి, అవి పెద్ద విషయాలు కావు. పొద్దున్నే తొక్కగానే కీచుమని కాసేపటికి ఊరుకుంటే ఫ్యాన్ బెల్టు వదులు. సబ్బు రుద్దితే ఆ పూటకి ఊరుకుంటుంది, బిగిస్తేనే పోయేది. చల్లగా ఉన్నప్పుడు చిటచిటమని వేడెక్కాక తగ్గితే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి కొడుతున్నట్టు, ఇనుము వేడికి సాగి ఆ సందు తనే మూసుకుంటుంది.

ఒక్కటి మాత్రం నెత్తిన పెట్టుకో. లోపలెక్కడో అట్టడుగున, సమ్మెటతో గోడకి అవతల కొట్టినట్టు బరువుగా "టొక్ టొక్ టొక్" అని, తొక్కేకొద్దీ పెరిగిందనుకో, ఇంటిదాకా పోదాం అనుకోకు. అక్కడే ఆపు. అది బిగ్ ఎండ్ బేరింగ్. అన్నవరం వెళ్ళే పెళ్ళివాళ్ళ బండి ఒకటి అక్కడిదాకా పోతే చాలనుకుని లాగించుకుపోయింది. దారిలో కనెక్టింగ్ రాడ్ బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది, రోడ్డంతా ఆయిలు. ముహూర్తానికి ఎడ్లబండిలో వెళ్ళారు. మేం అయితే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసేవాళ్ళం. ఏ సిలిండరు వైరు పీకినప్పుడు టొక్కు మెత్తబడితే రోగం దాన్లో ఉన్నట్టు. ఆ పీకడంలో ఎన్ని షాకులు తిన్నానో లెక్కలేదు. నువ్వు చెయ్యకు. మీ బళ్ళకి అది పనికిరాదు, పైగా కరెంటు జాస్తి. మీకు స్కానర్ ఉంది, ఏ సిలిండరు సరిగ్గా మండట్లేదో క్షణంలో చెప్తుంది, మాకు పూట పట్టేది. కానీ రేకు ఊగితే, రబ్బరు తెగితే స్కానర్ ఏమీ చెప్పదు. దానికి వైరు ఎక్కడుంటే అక్కడి సంగతే తెలుస్తుంది.

సరే, తూర్పు తెల్లబడింది. ఇప్పుడు చెప్పు. నిన్ను కాదురా, నువ్వు నడిపేటప్పుడు ఫోన్లో పాటలు వింటావు. నువ్వు చెప్పమ్మా, పక్కన కూర్చున్నదానివి.

నిలబడి ఉన్నప్పుడు, గేరులో లేకుండా తొక్కితే వస్తుందా? వస్తుంది. సిగ్నల్ దగ్గర విన్నావా? భలే. అయితే చక్రం, కీలు, బేరింగు, అన్నీ పక్కకి పోయాయి. మౌంటింగ్ కూడా, చూశావా? డాక్టరుగారి బండికి ఇది తిరగేసిన కథ. మౌంటింగయితే లాగేటప్పుడు మూలగాలి, నిలబెట్టినప్పుడు ఊరుకోవాలి.

ఏ స్పీడులో వస్తుంది? రెండో గేరులో ఒక చోట, మూడోదాన్లో ఇంకో చోటా? మీటరు చూశావా? రెండువేల దగ్గర ముల్లు ఉన్నప్పుడే, ఏ గేరులో అయినా. దాటితే పోతుంది. ఆహా! ఇంక పెద్ద రోగం ఏదైనా ఉంటే అట్లా మర్యాదగా ఒక్కచోట అని ఊరుకోదమ్మా. ఏదో పల్చటి వస్తువు, ఆ వేగంతో ఇంజిన్ వణుకుడికి దాని వణుకుడు కలిసినప్పుడు మాత్రం గొల్లుమంటోంది. వీణ తీగ మీటితే పక్కనున్న పళ్ళెం జుమ్మంటుంది చూడు.

హైదరాబాదులో బయల్దేరినప్పుడు ఎక్కువుందా, సూర్యాపేట దాటాక ఎక్కువుందా? బయల్దేరినప్పుడే. తర్వాత తగ్గింది, పోలేదు. ఊఁ. ఈమధ్య కింద ఎక్కడైనా తగిలిందా? ఏరా, మాట్లాడవు? చెప్పమ్మా నువ్వు చెప్పు. స్పీడ్ బ్రేకరా? ఎంత స్పీడులో? సర్లే, పండగపూట తిట్టనులే.

పదండి. బండి రాత్రంతా నిలబడి ఉంది, సైలెన్సర్ చల్లగా ఉంటుంది, ఇప్పుడే చూడాలి. వేడి మీద అయితే చెయ్యి కాలుతుంది. జాకీ పెట్టు. ఆగు, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి చెయ్యి పెట్టకు. స్టెప్నీ తీసి చాసీ కిందకి తొయ్యి, ఒకవేళ జారినా దాని మీద కూర్చుంటుంది. హ్యాండ్ బ్రేకు? వెనక చక్రాలకి రాయి? ఆ టైరు ఇలా దొర్లించు, నేను కూర్చుంటాను. వద్దన్నానా కాల్చొద్దని.

టార్చి ఇటు కొట్టు. ఆ గొట్టం మీద కప్పినట్టు రేకు ఉంది చూశావా? సైలెన్సర్ వేడి పైన ఫ్లోరుకి తగలకుండా పెడతారు దాన్ని. పిడికిలితో తట్టు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. నాకు వినపడదు, చెయ్యి ఆనించి చూస్తాను. ఊఁ, వణుకుతోంది. ఇదిగో, ఈ మూల బోల్టు దగ్గర తుప్పు పట్టి రేకు చిరిగింది. అంచున చూడు, రాసుకుని రాసుకుని మెరుస్తోంది. అర్ధరూపాయి బిళ్ళ!

వరండాలో అటక మీద పాత హార్లిక్స్ సీసా ఉంటుంది, తీసుకురా. దాన్లో హోస్ క్లిప్పులున్నాయి. రెండు కలిపితే గొట్టం చుట్టూ అందుతుంది. రేకునీ గొట్టాన్నీ కలిపి చుట్టి స్క్రూడ్రైవర్‌తో బిగించు. పక్కనున్న రబ్బరు హ్యాంగర్‌ని ముట్టుకోకు, అది కాస్త ఊగాలి. ఇంకో సగం తిప్పు. చాలు, చాలు, రేకు నలుగుతుంది. జాకీ దించు.

ఇప్పుడు నువ్వెక్కమ్మా. వాడు కాదు, నువ్వే. న్యూట్రల్లో ఉందా? స్టార్ట్ చెయ్యి. మెల్లగా తొక్కుతూ ముల్లు రెండువేలకి తీసుకురా. అక్కడ పట్టుకో. కొంచెం కిందకి. మళ్ళీ పైకి.

ఏం, మాట్లాడవేం? ఉందా, పోయిందా? నా మొహం చూడకమ్మా, నాకేం తెలుస్తుంది. నువ్వు చెప్పాలి.

పోయిందా! సరే, ఆపు.

ఇదిగో, ఇద్దరూ ఇటు రండి, మెల్లగా మాట్లాడండి. అక్కడ గొబ్బెమ్మలు పెడుతోంది, వింటుంది. రాత్రి మంచంలో లేచి కూర్చుని ఏమందో తెలుసా? "వాడి కారు కింద ఏదో రేకు ఊడిందండీ, పొద్దున చూడండి" అంది. గట్టు ఎక్కుతుండగా, దుప్పట్లోంచి విని! నేను రెండు గంటల్నించీ మీకు ఇంత చెప్పానని ఆవిడకి చెప్పకండి.